ఇరవై రెండో నంబరు తలుపు

సర్వరుకు కావలసినవి ముందు రాశాను.
మారని చిరునామా ఒకటి.
తప్పు నడవని గడియారం.
ఎక్స్‌రే బొమ్మలు ఏళ్ల తరబడి పేరుకున్నా
ఇరుకనిపించనంత డిస్కు.
వచ్చిన ప్రతివాడికీ ఒక గది,
ఆ గదిలోంచి పక్కగది కనపడకూడదు.
ఎవరొచ్చారో ఎప్పుడొచ్చారో రాసే చిట్టా.
గోడకు ఒకే ఒక్క తలుపు, ఇరవై రెండో నంబరుది.
మిగతావన్నీ మేకులు కొట్టి మూసెయ్యాలి.

తాళం వేసి గొళ్లెం మరిచే రకం కాదని
ఆఫీసులో నాకో పేరుంది.
అందుకే ఈ కాగితం నా బల్ల మీదికొచ్చింది.

టోర్స్‌హావ్న్‌లో ఆ సాయంత్రం వాన అడ్డంగా కురుస్తోంది.
ఇక్కడ వాన పైనుంచి పడటం అరుదు.

క్లయింటుకు కావలసినవి అని రాసి గీత గీశానో లేదో
సుదురోయ్ దీవి ఆసుపత్రి నుంచి రన్వా ఫోను.
"మా మిషనుకు పద్నాలుగేళ్లు," అంది,
అమ్మబోయే గొర్రె పళ్లు తానే తెరిచి చూపించినట్టు.
"మీ సర్వరు పలకరిస్తోంది, ఇది బిక్కమొహం వేస్తోంది."

రెండిటికీ తెలిసిన గుప్తలిపి ఒక్కటీ లేదు.
పాతదాన్ని కూడా ఒప్పుకోమని సర్వరుకు చెప్పొచ్చు,
ఒక్క లైను మారిస్తే చాలు.
వేలు మీట దాకా వెళ్లింది.
మార్చలేదు.
కొత్త పెట్టె పడవెక్కించాను.
మూడు రోజులు పొగమంచు. పడవ కదల్లేదు.

ఆ పడవలోనే ఇరవై రెండేళ్లు ఫిల్ములు మోశాడు హానుస్.
గోధుమరంగు కవరు, అంటించిన మూత, మూత మీద సంతకం.
ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు,
కాఫీకి కూడా లేచేవాడు కాదు,
కెరటాలకు కడుపు తిప్పినా కవరు జారనిచ్చేవాడు కాదని
పడవ వంటవాడు చెప్తాడు.
ఎవరి ఊపిరితిత్తులో, ఎవరి విరిగిన తుంటో
ఒక్కసారీ వెలుతురుకు పట్టి చూడలేదు.
ఈ ఒడ్డున తెల్లకోటు చెయ్యి చాపితే
"ముందు పేరు" అనేవాడు.
నేను నాలుగు పేజీలు రాసింది
అతను చేసిన పనే.

పెట్టె చేరింది. రన్వా దగ్గర తాళంచెవి పుట్టింది,
దాని కవల కూడా.
ఒకటి ఆమె గడప దాటదు.
రెండోది నాకు పంపింది, ఊరంతా చూసినా నష్టం లేనిది.
నిజానికి అది తాళంచెవి కాదు, తాళం.
నా తలుపుకు బిగించాను.

అప్పుడు నా సర్వరు తన వేలిముద్ర చూపించి
నన్ను నమ్ముతావా అని అడిగింది.
అవును, కాదు.
అందరూ చదవకుండా అవునంటారు.
రన్వా చదివింది.
పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అని ఆగుతూ, అంకెలు నొక్కి పలుకుతూ,
మొత్తం నలభై మూడు.
నడుమ కెటిల్ కూసింది,
లేచి ఆపొచ్చి మళ్లీ మొదటినుంచి.
నా కాగితంతో సరిచూస్తూ
ఊ కొట్టాను, కథ వినే పిల్లాడిలా.

ఆమె ఆ ముద్రను నమ్మింది నా గొంతును నమ్మి.
గొంతు నాదేనని తేల్చే నియమం
నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.
రాద్దామని చూశాను. వాక్యం కుదరలేదు.

మొదటి ఫైలు పదకొండుకు బయల్దేరింది.
సగంలో తెగింది, తెగినచోటే అందుకుంది.
చివరి లెక్క సరిపోయింది,
అక్కడి నలుపు ఇక్కడి నలుపు ఒక్క చుక్క తేడా లేదు.
ఎవరిదో చూసే అధికారం నాకు లేదు,
చూడలేదు.

ఫోనులో ఎవరో దగ్గారు, పొడిదగ్గు, చాలాసేపు.
తర్వాత ముసలి గొంతొకటి రిసీవరు లాక్కుంది.
"నాదే. హానుస్‌ని. చేరిందా?"
చేరిందన్నాను.
"పడవ లేకుండానే?"
పడవ లేకుండానే.
కాసేపు గాలి చప్పుడు.
"సరే. ఎవరు తీసుకున్నారు? ముందు పేరు."

చెప్పాను, ఒక్కో అక్షరం విడదీసి.
అవతల కాగితం మీద పెన్సిలు
నెమ్మదిగా గీరుకుంటోంది.